డిక్కీలో కరెంటు: వంట వద్దు, గాలీ వెలుగూ చాలు

క్యాంపింగ్ స్టవ్వుకు తొడిగే బ్యూటేన్ డబ్బాలో గ్యాసు 220 గ్రాములు ఉంటుంది. దాన్ని పూర్తిగా కాలిస్తే వచ్చే శక్తి కరెంటు లెక్కలో దాదాపు 2.8 యూనిట్లు. కారు డిక్కీలో పెట్టుకునే 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ 11, 12 కిలోలు తూగుతుంది. నిండా ఛార్జి చేసినా అందులో ఉండేది 1.28 యూనిట్లే. స్టవ్వు మంటలో సగం గాలికి పోయిందనుకున్నా, జేబులో పట్టే ఆ డబ్బా గిన్నెకు అందించే వేడి ఈ బ్యాటరీ మొత్తం ఇవ్వగలిగే వేడి కన్నా కాస్త ఎక్కువే. కారులో రాత్రి గడపడానికి కరెంటు పెట్టె కట్టుకోవాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఈ లెక్కనే. ఎన్ని వాట్ల ఇన్వర్టర్ కొనాలి, ఏ కంపెనీ బ్యాటరీ మంచిది అన్న ప్రశ్నలు దీని తర్వాతే వస్తాయి. బ్యాటరీ మీద వేడి పుట్టించే పని పెట్టకపోతే ఒక మనిషి ఒంటిచేత్తో ఎత్తగలిగే పెట్టె నలుగురున్న కుటుంబానికి ఒక పగలూ రాత్రీ సరిపోతుంది. ఆ పని పెట్టామా, పెట్టె మూడింతలవుతుంది. ఖర్చూ, బరువూ, ప్రమాదమూ అంతకన్నా వేగంగా పెరుగుతాయి.

గండికోటలో పెన్నా లోయ అంచు, పాడేరు దగ్గర వంజంగి కొండ, మారేడుమిల్లి అడవి దారి, ములుగు జిల్లా లక్నవరం గట్టు. వారాంతాల్లో వీటి చుట్టుపక్కల సీట్లు మడిచి పరుపు వేసిన కార్లు ఇప్పుడు వింత కాదు. హోటల్ గది కోసం వెతుక్కోకుండా, తెల్లవారుజామున మబ్బులు చూడటానికి కొండ కిందే పడుకోవడం కొత్త తరానికి నచ్చింది. అయితే ఇంట్లో ఉన్న అలవాటూ వాళ్లతో పాటే కారెక్కింది. కరెంటు కోతల కాలంలో మన ఇళ్లలోకి వచ్చిన ఇన్వర్టర్ మనకు ఒక సంగతి నేర్పింది: గోడకున్న ప్లగ్గులో ఏది పెట్టినా నడవాలి. ఆ పాఠాన్నే డిక్కీలోకి తెచ్చుకుని, 2,000 వాట్ల ఇన్వర్టర్, దానికి తగ్గ బ్యాటరీ, ఒక కెటిల్, ఒక రైస్ కుక్కర్ అని జాబితా రాసుకుంటున్నారు. ఇంట్లో ఇన్వర్టర్ వెనకాల గ్రిడ్డు ఉంది. రెండు గంటల్లో కరెంటు వస్తుందన్న ధీమా ఉంది. కొండ మీద ఆ ధీమా లేదు. అక్కడ ఉన్నది డబ్బాలో మనం మోసుకెళ్లిన నిల్వ మాత్రమే.

ఆ నిల్వ దేనికి ఎంత ఖర్చవుతుందో చూద్దాం. 12 వోల్టుల మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు 45 వాట్ల దాకా తీసుకుంటుంది. మన ఎండలకు రోజులో 40 శాతం సేపు తిరుగుతుందనుకుంటే 24 గంటలకు 430 వాట్ అవర్లు. లారీ కేబిన్లలో కనిపించే తరహా చిన్న డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 12 వాట్లు, రాత్రంతా 8 గంటలు తిరిగితే 190. (లారీల్లో కరెంటు 24 వోల్టులు, కొనేటప్పుడు 12 వోల్టులదే అడగాలి.) 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు, సాయంత్రం నుంచి పడుకునేదాకా 50. నాలుగు ఫోన్లు నిండడానికి, మధ్యలో పోయేదానితో కలిపి 100. ఒక ల్యాప్‌టాప్‌కో కెమెరా బ్యాటరీలకో 60. అంతా కూడితే 830 వాట్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1,280 ఉన్నాయి, అందులో 1,100 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. రోజు గడిచాక కూడా ఇంకా కొంత మిగులుతుంది. ఫ్రిజ్ వద్దనుకున్నవాళ్లకైతే ఇదే బ్యాటరీ రెండున్నర రోజులు వస్తుంది.

ఇప్పుడు ఈ జాబితాలో వంట చేర్చి చూడండి. లీటరు నీళ్లు మరగడానికి 90 వాట్ అవర్లు కావాలి, నష్టాలతో వంద. నలుగురికి రెండు పూటలా టీ, కాఫీ అంటే 200. 700 వాట్ల రైస్ కుక్కర్ ఒక పూట అన్నానికి 300 పైగా తింటుంది, రెండు పూటలకు 600. ఇండక్షన్ మీద కూర, పొద్దున ఉప్మా కలిపితే మరో 500. ఇన్వర్టర్ మింగే పది, పదిహేను శాతం వేసుకుంటే వంటకే 1,450 దాటుతుంది. దీపాలు, ఫ్యాన్లు, ఫోన్లు, ఫ్రిజ్ అన్నీ కలిసి రోజంతా వాడేదాని కన్నా రెండు పూటల వంట ఎక్కువ వాడుతోంది. అసలుకే ఎసరు పెట్టడమంటే అక్షరాలా ఇదే.

యూనిట్ల సంగతి ఒక ఎత్తయితే, ఆంపియర్ల సంగతి మరో ఎత్తు. 1,500 వాట్ల కెటిల్ ఇంట్లో 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లే లాగుతుంది. మామూలు వైరు చాలు. అదే కెటిల్‌ని 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా నడిపితే బ్యాటరీ వైపు 130 ఆంపియర్లు పారాలి. ఫ్రిజ్, ఫ్యాన్లు, ఫోన్లు అన్నీ ఒకేసారి నడిచినా కలిపి 10 ఆంపియర్లు. కరెంటు 13 రెట్లయితే అదే వైరులో పుట్టే వేడి 13 రెట్లు కాదు, 169 రెట్లు, ఎందుకంటే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. అందుకే కెటిల్ కోరుకున్నవాళ్లకు బొటనవేలంత లావు కేబుళ్లు, వాటికి తగ్గ లగ్గులు, వాటిని బిగించే హైడ్రాలిక్ యంత్రం, ఇంత కరెంటు ఇవ్వగల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్), పెద్ద ఫ్యూజు అన్నీ కావాలి. ఎక్కడో ఒక బోల్టు అరచుట్టు వదులైతే 10 ఆంపియర్ల దగ్గర అది గోరువెచ్చనవుతుంది, 130 దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది. చేతిపనిగా ఇంట్లో కట్టుకునే పెట్టెకు నేను గీసే గీత ఇక్కడే. 20, 30 ఆంపియర్ల లోపు పని శ్రద్ధ ఉన్న ఎవరైనా నేర్చుకోవచ్చు. వంద దాటిన పని, అనుభవమున్న చేయి చూడాల్సినది.

ఇన్వర్టర్‌తో ఇంకో చిక్కుంది. దానికి ఏమీ తగిలించకపోయినా ఊరికే ఆన్‌లో ఉంటే తాను కొంత తాగుతుంది. 1,000 వాట్ల తరగతి యంత్రం 10 నుంచి 20 వాట్లు తీసుకోవడం మామూలే. 15 అనుకున్నా రోజుకు 360 వాట్ అవర్లు, అంటే ఇంచుమించు ఫ్రిజ్ అంత. రాత్రి ఫోన్ ఛార్జింగు కోసం ఇన్వర్టర్ ఆన్ చేసి పడుకున్న కుటుంబం ఫోన్లలోకి వంద ఎక్కించడానికి ఇన్వర్టర్‌కు అంతకన్నా ఎక్కువ సమర్పించుకుంటుంది. ఆ తంతు చూస్తే నవ్వొస్తుంది కూడా: బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీగా మార్చి, దాన్ని ఛార్జర్ ఇటుకలోకి పంపి మళ్లీ 5, 9, 20 వోల్టుల డీసీగా మార్చడం. రెండు మార్పిడుల్లోనూ కోత పడుతుంది. దశాబ్దం కిందట దీనికి ప్రత్యామ్నాయం తక్కువ. ల్యాప్‌టాప్ ఒక్కోదానికి ఒక్కో పిన్ను ఉండేది. యూఎస్‌బీ-సీ ఆ బాధ తీర్చింది. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు, కెమెరాలకు యూఎస్‌బీ-సీ తప్పనిసరి చేసింది, ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్. అక్కడి కోసం చేసిన మోడళ్లే ఇక్కడా అమ్ముతారు కాబట్టి ఫలితం మనకూ అందింది. 12 వోల్టుల నుంచి నేరుగా 65 లేదా 100 వాట్లు ఇచ్చే చిన్న యూఎస్‌బీ-సీ సాకెట్ ఒకటి పెట్టెకు బిగిస్తే ఇన్వర్టర్ చేయాల్సిన పనిలో ముప్పాతిక తీరిపోతుంది.

అయినా 230 వోల్టులు తప్పనిసరి అయ్యే వస్తువులు ఒకటో రెండో ఉండవచ్చన్నది న్యాయమైన అభ్యంతరమే. డ్రోన్ ఛార్జర్, పాత కెమెరా ఛార్జర్, పిల్లల నెబ్యులైజర్ లాంటివి. నిద్రలో ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు వాడే సీప్యాప్ యంత్రాన్ని కూడా ఇందులో చేరుస్తారు కానీ, చాలా మోడళ్లకు డీసీ అడాప్టర్ దొరుకుతుంది. నీళ్లు వేడి చేసే భాగం ఆపేస్తే రాత్రికి అది పెద్దగా తినదు కూడా. మిగిలినవాటి కోసం 200, 300 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఒకటి, దానికి వేరే స్విచ్చి పెట్టుకుంటే చాలు. వాడినంతసేపే ఆన్ చేయాలి. నేను వద్దంటున్నది ఇన్వర్టర్‌ని కాదు, పెట్టె మొత్తాన్ని దాని చుట్టూ కట్టడాన్ని.

ఇక బ్యాటరీ ఏది? కారులో ఒకటి ఉందిగా అనేవాళ్లుంటారు. చిన్న కార్లలో అది 35, 45 ఆంపియర్ అవర్లది. రెండు సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఇంజను తిప్పడానికి పలచటి పలకలతో చేసినది. దానికి ఫ్రిజ్ తగిలించి రాత్రంతా వదిలితే సగం ఖాళీ అవుతుంది, పొద్దున సెల్ఫ్ తీసుకోదు. ఫోన్ సిగ్నల్ లేని ఘాట్ మధ్యలో అది చిన్న కష్టం కాదు. పైగా అలా నాలుగైదుసార్లు అడుగంటితే ఆ బ్యాటరీ మళ్లీ కోలుకోదు. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీ లోతుగా ఖాళీ కావడానికే పుట్టింది, నిజమే. కానీ 150 ఆంపియర్ అవర్లది 50 కిలోలకు పైగా తూగుతుంది. ఆయుష్షు నిలవాలంటే సగమే వాడాలి, అంటే 900 వాట్ అవర్లు. లోపల యాసిడ్ ఉంటుంది, ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. ఘాట్ మలుపుల్లో ఊగే మూసిన కారులో, మనుషులు పడుకునే చోట దానికి పనేం లేదు.

మిగిలేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, వాడుకలో ఎల్‌ఎఫ్‌పీ. దీని పుట్టుకలో మన దేశపు చేతులూ ఉన్నాయి. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ ప్రయోగశాల నుంచి 1997లో ఈ పదార్థం గురించి వెలువడిన పత్రం మీద ఆయన పేరుతో పాటు పాఢి, నంజుండస్వామి పేర్లున్నాయి. గుడెనఫ్‌కు 97 ఏళ్ల వయసులో, 2019లో నోబెల్ వచ్చింది. ఇనుము, ఫాస్ఫేటు చవక. అంతకన్నా ముఖ్యం, ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా పెనవేసుకుని ఉంటుంది. వేడెక్కినా నికెల్, కోబాల్ట్ రకాల్లోలా సులువుగా బయటపడి మంటకు ఊపిరి పోయదు. వేల సార్లు ఖాళీ చేసి నింపినా పనిచేస్తుంది. 3.2 వోల్టుల సెల్‌లు నాలుగు వరుసగా కలిపితే 12.8 వోల్టులు, అంటే కారు సామాన్లన్నిటికీ సరిగ్గా సరిపోయే అంకె. బరువెక్కువన్నది దీని మీదున్న పాత ఫిర్యాదు. విమానానికైతే అది నిజం, డిక్కీకి కాదు. తిరుపతి నుంచి లెడ్ యాసిడ్ బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ లిథియం సెల్‌ల కోసం మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 2023 మేలో శంకుస్థాపన చేసింది. 16 గిగావాట్ అవర్ల దాకా పెంచాలన్నది అక్కడి ప్రణాళిక. ఈ బ్యాటరీలు మనకు పరాయి సరుకుగా ఎక్కువకాలం ఉండబోవన్నమాట.

మంట తక్కువ అంటే మంటే రాదని కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటలూ పొగా పైనున్న లాడ్జిలో 8 మంది ప్రాణాలు తీశాయి. లిథియం బ్యాటరీల మంట ఎంత వేగంగా ఊపిరాడకుండా చేస్తుందో తెలుగు నేల మీద అందరూ చూసిన రాత్రి అది. అందుకే 'సొంతంగా కట్టడం' అన్న మాటకు ఇక్కడ హద్దు పెట్టాలి. పాత స్కూటర్ల నుంచి తీసిన సెల్‌లు కిలోల లెక్కన కొని, నికెల్ పట్టీలు అతికించి ప్యాక్ చేసుకునే వీడియోలు ఎన్నో ఉన్నాయి. ఆ సెల్‌లు ఎన్ని దెబ్బలు తిన్నాయో పైకి కనిపించదు. పెట్టె మీరు కట్టండి, బ్యాటరీని మాత్రం కట్టకండి. ఐఎస్ 16046 ప్రకారం బీఐఎస్ నమోదు ఉన్న సెల్‌లతో, లోపల బీఎంఎస్ ఉన్న, సీలు వేసిన 12.8 వోల్టుల బ్యాటరీ కొనండి. ఎక్కువ ఛార్జింగు, అడుగంటడం, షార్టు, వేడి, వీటన్నిటికీ కరెంటు తెంపేసే కాపలాదారు బీఎంఎస్. కానీ అందులో స్విచ్చులుగా ఉండే మాస్‌ఫెట్లు చెడినప్పుడు తెరుచుకోకుండా షార్టయ్యే పోయే గుణం ఉన్నవి. కాపలాదారు నిద్రపోయిన రోజుకు ఇంకొకరుండాలి. ఆ ఇంకొకరే ఫ్యూజు.

ఫ్యూజు విషయంలో మనవాళ్ల అశ్రద్ధకు అంతులేదు. ఫ్యూజు సామాన్లను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. కాబట్టి దాని చోటు ఫ్రిజ్ దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో. ఆ జానెడు వైరు తప్ప మిగతాదంతా ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా ఫ్యూజు తెగాలి. వైరు తట్టుకోగల దానికన్నా ఫ్యూజు చిన్నదిగా ఉండాలి. మాటిమాటికీ పోతోందని పెద్దది వేయడమంటే కాలే వంతును వైరుకు అప్పజెప్పడమే. ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ లోపలి నిరోధం చాలా తక్కువ, షార్టయితే వెయ్యి ఆంపియర్లకు పైగా ఒక్కసారిగా దూకుతుంది. మరీ నాసిరకం ఫ్యూజు అంత కరెంటును తెంచలేదు, కరిగాక కూడా మధ్యలో నిప్పు గొలుసు నిలుస్తుంది. అందుకే ప్రధాన ఫ్యూజు మీద ఆంపియర్ల అంకెతో పాటు, ఎంత షార్టు కరెంటును తెంచగలదో కూడా చూసి కొనాలి. ఇంటి బోర్డు నుంచి ఊడదీసిన ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాను దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది, డీసీకి ఆ వెసులుబాటు లేదు. ప్రధాన ఫ్యూజు తర్వాత ఒక స్విచ్చి, ఆ తర్వాత కార్లలో ఉండే తరహా బ్లేడ్ ఫ్యూజుల పెట్టె, అందులోంచి ఫ్రిజ్‌కు, ఫ్యాన్లకు, యూఎస్‌బీకి వేర్వేరు దారులు. ఇంతకు మించి ఈ నిర్మాణంలో బ్రహ్మవిద్య లేదు.

వైరు మందం మీద మాత్రం కక్కుర్తి పడొద్దు. బ్యాటరీ నుంచి ముందు సీటు దాకా 3 మీటర్లు అనుకుందాం. వెళ్లిరావడం కలిపి 6 మీటర్లు. ఇంటి దీపాలకు వాడే 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 10 ఆంపియర్లు పారితే దారిలోనే ఒక వోల్టు పైగా పోతుంది. 230 వోల్టుల ఇంట్లో ఒక వోల్టు పోయినా ఎవరికీ తెలియదు. 12 వోల్టుల దగ్గర అది 8 శాతం. బ్యాటరీ సగానికి పైగా నిండుగా ఉన్నా, అవతలి కొసన ఫ్రిజ్‌కు తక్కువ వోల్టేజీ కనిపించి తనంతట తానే ఆగిపోతుంది. మంచి ఫ్రిజ్‌నీ మంచి బ్యాటరీనీ కొన్నవాళ్లు రెండింటినీ తిట్టుకునేది ఈ మధ్యవర్తి వల్లే. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే అదే నష్టం పావు వోల్టు. ఆ మందం తెచ్చుకున్నాక కొసలను మెలితిప్పి టేపు చుడితే మళ్లీ మొదటికే వస్తుంది. లగ్గులు వేసి క్రింప్ చేయాలి. ఆ పనిముట్టు లేకపోతే హైదరాబాద్ ట్రూప్ బజార్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వైర్లు కొలత ప్రకారం కోయించి లగ్గులు కొట్టించుకోవచ్చు.

బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపే నాలుగు చుక్కల మీటర్లు లెడ్ యాసిడ్ కాలం నాటివి. అవి వోల్టేజీ చూసి ఊహిస్తాయి. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ 90 శాతం దగ్గరా 30 శాతం దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉండి, చివర్లో ఒక్కసారిగా కూలుతుంది. లోపలికి వెళ్లిందీ బయటికి వచ్చిందీ ఆంపియర్ అవర్లలో లెక్కపెట్టే షంట్ మీటర్ ఒక్కటే నమ్మదగినది.

ఖాళీ అయినదాన్ని నింపడం ఎలా అన్నది చాలామంది చివర్లో ఆలోచిస్తారు. నా ఉద్దేశంలో బ్యాటరీ సైజును తేల్చాల్సింది అదే. కారు నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటర్ తిరుగుతూనే ఉంటుంది. అయితే దానికి లిథియం బ్యాటరీని నేరుగా కలపకూడదు. ఖాళీగా ఉన్న ఎల్‌ఎఫ్‌పీ ఎంత ఇస్తే అంత లాగేసుకుని, ఆల్టర్నేటర్‌ను వేడెక్కించి చంపగలదు. పైగా 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక చాలా కార్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. లిథియం నిండడానికి కావాల్సిన 14.4 వోల్టులు నిలకడగా దొరకవు. రెండు సమస్యలకూ ఒకే మందు డీసీ-డీసీ ఛార్జర్. 20 ఆంపియర్లది పెట్టుకుంటే, విశాఖ నుంచి అరకుకు 115 కిలోమీటర్లు ఘాట్ ఎక్కేసరికి మూడు గంటల్లో 60 ఆంపియర్ అవర్లు ఎక్కుతాయి. అంటే ముందురోజు వాడినది దాదాపుగా దారిలోనే తిరిగొచ్చింది. డాష్‌బోర్డులోని సిగరెట్ లైటర్ సాకెట్ నుంచే నింపుదామంటే అది 120 వాట్లకు మించి ఇవ్వదు, అదే ప్రయాణంలో 25 దాటదు. డీసీ-డీసీ ఛార్జర్‌కు వేరే వైరు, రెండు కొసల్లోనూ ఫ్యూజులతో వేయించుకోవాలి. వారంటీలో ఉన్న కారైతే ఈ ఒక్క పనీ షోరూమును అడిగాకే. సోలార్ గురించి క్లుప్తంగా: వంద వాట్ల మడత పలక మన ఎండలో రోజుకు 350, 400 వాట్ అవర్లు ఇస్తుంది, కానీ కారును నీడలో పెట్టి పలకను ఎండలో పరవడానికి పొడుగు వైరు కావాలి. ఒకేచోట మూడు రోజులుండేవాళ్లకు లాభం, రోజూ ఊరు మారేవాళ్లకు మోత.

వాతావరణమూ లెక్కలోకి వస్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింత కాదు. చాలా బ్యాటరీల మీద ఛార్జింగుకు 45 నుంచి 55 డిగ్రీల లోపే అని రాసి ఉంటుంది. ప్రయాణం లేనప్పుడు పెట్టెను దించి, సగం ఛార్జింగుతో ఇంట్లో చల్లటి చోట ఉంచాలి. చలి వైపు చూస్తే, సున్నా డిగ్రీల కింద ఎల్‌ఎఫ్‌పీని ఛార్జి చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైనే లోహంగా పేరుకుపోయి బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. లంబసింగి చలి బయట సున్నా దరిదాపులకు వచ్చినా కారు లోపలి బ్యాటరీ అంత చల్లబడదు. లద్దాఖ్ వెళ్లే మన కుర్రాళ్లు మాత్రం చలికి ఛార్జింగు ఆపేసే బీఎంఎస్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది: పెట్టెను పట్టీలతో బాడీకి కట్టాలి. గుద్దుకున్న క్షణంలో వేగం 20 జీలతో తగ్గిందనుకుంటే 12 కిలోల బ్యాటరీ 240 కిలోల బలంతో ముందుకు దూసుకొస్తుంది, ముందున్నది పిల్లలు కూర్చునే సీటు.

ఈ వాదానికి గట్టి ఎదురు వాదాలు మూడున్నాయి. మొదటిది రెడీమేడ్ పవర్ స్టేషన్. బ్యాటరీ, ఇన్వర్టర్, ఛార్జర్, మీటర్ ఒకే డబ్బాలో వస్తున్నప్పుడు ఈ తంటా ఎందుకు? స్క్రూడ్రైవర్ పట్టడం ఇష్టంలేనివాళ్లకు నా సలహా కూడా అదే కొనమని. తెలిసీ తెలియని చేతి పని కన్నా అది క్షేమం. కానీ అందులో చాలావాటికి 12 వోల్టుల వైపు 10 ఆంపియర్లకు మించి రావు, కొన్న డబ్బులో పెద్ద వాటా మనం వద్దనుకున్న ఇన్వర్టర్‌కే పోతుంది, ఒక్క బోర్డు పోతే డబ్బా మొత్తం మూలపడుతుంది. విడిగా కట్టినదానిలో పాడైన ముక్కను మార్చుకోవచ్చు. రెండోది విద్యుత్ కారు. 2023 నుంచి వస్తున్న కొత్త నెక్సాన్ ఈవీ, ఆ తర్వాత వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్ లాంటివి బండి బ్యాటరీ నుంచి బయటికి 230 వోల్టులు ఇవ్వగలవు. అక్కడ నా వాదం ఓడిపోతుంది, సంతోషంగా ఒప్పుకోవాలి. పదుల యూనిట్ల బ్యాటరీ ఎలాగూ చక్రాల మధ్యే ఉంది, వంటకు రెండు యూనిట్లు వాడితే పోయేది 13 కిలోమీటర్ల ప్రయాణమే. ఏసీ వేసుకుని పడుకోవచ్చు కూడా. పెట్రోలు, డీజిలు కార్ల వాళ్లు ఏసీ ఆశ పెట్టుకుంటే అతి చిన్నదైనా రాత్రికి 3 యూనిట్ల దాకా తింటుంది, అంటే మూడు బ్యాటరీలు. ఇంజను ఆన్‌లో పెట్టి నిద్రపోవడమైతే గంటకు దాదాపు లీటరు ఇంధనంతో పాటు కార్బన్ మోనాక్సైడ్‌కు తలుపు తీయడమే. వేసవిలో కొండెక్కాలి, లేదా లాడ్జికి వెళ్లాలి.

మూడోది అన్నిటికన్నా బరువైనది. గ్యాసు మీద వండుకోమంటున్నారు, ఎండుగడ్డి నిండిన అడవిలో మంట పెడితే? నల్లమలలో వేసవి కార్చిచ్చులు ఎలా మొదలవుతాయో అటవీ సిబ్బందిని అడిగితే చెబుతారు. ఈ అభ్యంతరం సరైనదే, కానీ దానికి జవాబు ఇండక్షన్ పొయ్యి కాదు. మంట వద్దన్న చోట వంటే వద్దు. పులిహోర, చపాతీలు, మాగాయ పచ్చడితో మన పెద్దలు రైళ్లలో రోజులు గడిపారు. మరిగిన నీళ్లు మంచి ఫ్లాస్కులో పోసుకుంటే తెల్లారి కాఫీకి సరిపడా వేడి ఉంటుంది. ఆ ఫ్లాస్కు కూడా ఒక రకం బ్యాటరీయే, దానికి ఫ్యూజు అక్కర్లేదు. మంటకు అనుమతి ఉన్న చోటైతే నేల శుభ్రం చేసి, కారుకూ గుడారానికీ దూరంగా, ఆరుబయట. అడవిలో రాత్రి ఉండటానికే అటవీ శాఖ అనుమతి కావాల్సిన చోట్లు ఎన్నో ఉన్నాయని కూడా మరవకూడదు.

బయల్దేరే ముందు ఒక పని చేయండి. కట్టిన పెట్టెను ఇంటి పార్కింగులోనే కారులో పెట్టి, ఫ్రిజ్ నింపి, ఫ్యాన్లు వేసి, ఒక రాత్రంతా నడవనివ్వండి. అరగంటకోసారి ప్రతి కలయికనూ వేలితో తాకి చూడండి, వెచ్చగా తగిలినదాన్ని విప్పి మళ్లీ బిగించండి. పొద్దున షంట్ మీటర్ చూపే అంకెనూ మీరు కాగితం మీద వేసిన అంకెనూ పక్కపక్కన రాయండి. తేడా అయిదో వంతు దాటితే ఏదో వస్తువు మీకు తెలియకుండా తాగుతోంది, ముందు దాన్ని పట్టుకోండి. బ్యాటరీ ఎప్పటికైనా ఉబ్బినా, పాడైనా పాత సామాన్ల బండికి వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కి సేకరించి శుద్ధికి పంపే పూచీ తయారీదారుదే. కొన్నరోజే ఆ మాట దుకాణంలో అడిగి, బిల్లు దాచుకోండి.